గంట మ్రోత భరింపలేని పిల్లవాడు

ఎవరైనను ఇంటివద్ద చేసి చూడదగిన చిన్న ప్రయోగమొకటి ఉన్నది. మూడు గిన్నెలు తీసికొని, మొదటి దానిలో చేయి ఓర్చుకొనగల వేడినీరు, మూడవ దానిలో కుండలోని చల్లనినీరు, నడిమి దానిలో గోరువెచ్చని నీరు పోయవలెను. కుడిచేతిని వేడినీటిలోను, ఎడమచేతిని చల్లనినీటిలోను ఒక నిమిషము ఉంచి, పిదప రెండు చేతులను ఒకేసారి నడిమి గిన్నెలో ముంచవలెను. నీరు చల్లగా ఉన్నదని కుడిచేయి చెప్పును. వెచ్చగా ఉన్నదని ఎడమచేయి చెప్పును. నీరు ఒక్కటే, మనిషి ఒక్కడే. అయినను రెండు చేతుల సాక్ష్యములు రెండు విధములు. 17వ శతాబ్దిలో ఇంగ్లాండునకు చెందిన తత్త్వవేత్త జాన్ లాక్ ఈ విచిత్రమును తన గ్రంథమున ప్రస్తావించెను. థర్మామీటరు చూపునది నీటి ఉష్ణోగ్రతను. చర్మము చెప్పునది ఆ నీటికిని తనకును గల సంబంధమును.

ఒకే మనిషి రెండు చేతుల నడుమ ఇంత భేదము రాగా, ఇద్దరు మనుష్యుల నడుమ భేదముండుటలో వింత లేదు. పాఠశాలలో గంట మ్రోగును. నలభై మంది పిల్లలు సంచులు సర్దుకొందురు. నలభై యొకటవ వాడు రెండు చెవులు గట్టిగా మూసికొని బల్ల క్రింద దూరును. ఉపాధ్యాయుడు దానిని అల్లరి యనుకొనును, తోటిపిల్లలు నవ్వుదురు, ఇంటివారు గారాబమందురు. ఆ మ్రోత అతనికి నిజముగానే బాధ కలిగించుచుండవచ్చునను ఊహ ఎవరికిని రాదు. చొక్కా మెడవెనుకనున్న చీటీ గీరుకొనుచున్నదని ఏడ్చు బాలిక, అన్నములో పెరుగు కలుపగనే ఓకరించు పసివాడు, ఐదు నిమిషములైనను కదలక కూర్చుండలేని విద్యార్థి, మోకాలు చెక్కుకొనిపోయినను గమనింపని పిల్ల, ఇట్టివారు ప్రతి పాఠశాలలోను ఉందురు. వీరి విషయమున మొదట అడుగవలసిన ప్రశ్న ఒక్కటే. ఈ పిల్లలకు వారి ఇంద్రియములు ఏమి చెప్పుచున్నవి?

ఇంద్రియములు ఐదే కావు

కన్ను, చెవి, ముక్కు, నాలుక, చర్మము అను ఐదింటిని బాలశిక్ష చదువు పిల్లవాడును చెప్పగలడు. శరీరశాస్త్రము వీటికి మరి మూడింటిని చేర్చుచున్నది. అవి పైకి కనబడవు. కనుకనే వాటి చిక్కులును తొందరగా తెలియరావు.

మొదటిది సమతాజ్ఞానము. లోచెవిలో ఒకదానికొకటి లంబముగా అమరిన మూడు అర్ధవృత్తాకార నాళికలు, వాటిచెంత సున్నపురాతి నలుసులు గల రెండు చిన్న సంచులు ఉన్నవి. నాళికలలోని ద్రవము తల తిరుగుటను, నలుసులు తల వంగుటను, ముందుకు వెనుకకు సాగుటను మెదడునకు తెలుపును. పది చుట్లు గిరగిర తిరిగి ఆగినపుడు, శరీరము నిలిచినను ఆ ద్రవము వెంటనే నిలువదు; అందువలననే లోకమంతయు తిరుగుచున్నట్లు తోచును. 1820 దశకమున ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఫ్లూరాన్స్ పావురముల నాళికలను కోసి చూడగా, అవి తల ఊపుచు నిలకడ కోల్పోయెను. ఈ అవయవమును గూర్చి పరిశోధించిన ఆస్ట్రియా వైద్యుడు రాబర్ట్ బారానీకి 1914 సంవత్సరపు నోబెల్ బహుమానము లభించెను.

రెండవది అంగస్థితి జ్ఞానము. కన్నులు మూసికొని చూపుడువ్రేలితో ముక్కు కొనను తాకవచ్చును. కన్ను దారి చూపకున్నను చేయి దారి తప్పదు. కండరములలోను, కండరములను ఎముకలకు బిగించు పట్టీలలోను, కీళ్ళలోను ఉన్న సూక్ష్మ గ్రాహకములు ఏ అవయవము ఎచ్చట, ఎంత బిగువుతో ఉన్నదో క్షణక్షణము మెదడునకు తెలుపుచుండును. ఇంగ్లాండు శాస్త్రజ్ఞుడు చార్లెస్ షెరింగ్టన్ 1906లో దీనికి ప్రొప్రియోసెప్షన్ అని పేరు పెట్టెను. 2010లో అమెరికాలో ఆర్డెం పటపూటియన్ బృందము, ఒత్తిడిని విద్యుత్సంకేతముగా మార్చు పీజో అను ప్రోటీనులను కనుగొనెను. 2021లో ఆయనకును డేవిడ్ జూలియస్‌కును కలిపి నోబెల్ బహుమానమిచ్చిరి. పీజో-2 జన్యువు పనిచేయని ఇద్దరిని గూర్చిన వివరములు 2016లో వెలువడినవి. కన్నులు తెరచియున్నంతసేపు వారు నడువగలిగిరి. గంతలు కట్టగనే తూలిపోయిరి. కండరముల వార్త మెదడునకు చేరనిచో, ఒక అడుగు వేయుటకు కూడ కన్నుల కావలి కావలెనన్నమాట. పెన్సిలును విరుగునంత గట్టిగా పట్టు పిల్లలలో, తోటివారిని గ్రుద్దుకొనుచు నడచు పిల్లలలో కొందరి చిక్కు ఇచ్చటనే ఉండును.

మూడవది దేహాంతర జ్ఞానము. ఆకలి, దప్పిక, కడుపునొప్పి, మూత్రమునకు పోవలెనను తొందర, గుండె దడ, ఇవన్నియు దీనివలననే తెలియును. ఈ వార్త మందముగా అందు పిల్లవాడు దాహము వేయుచున్నదని తెలియక చిరాకుపడును. చివరి నిమిషము వరకు మూత్రశాలకు వెళ్ళడు.

మెదడు చేయు వడపోత

ఉదయము చొక్కా తొడిగిన క్షణమున గుడ్డ స్పర్శ తెలియును. కొద్ది నిమిషములలో అది మరుపున పడును. గుడ్డ చర్మమును తాకుటమానలేదు. అవసరము లేని వార్తను మెదడు ప్రక్కకు త్రోసినది. పంకా చప్పుడు, బల్ల గట్టిదనము, వంటయింటి వాసన, కిటికీలోని వెలుగు ఒకేసారి వచ్చిపడుచుండగా, వాటినన్నిటిని వడపోసి ఉపాధ్యాయుని మాటకు మాత్రమే దారి ఇచ్చుట మెదడు చేయు గొప్ప పనులలో ఒకటి. ఈ వడపోత సరిగా సాగనిచో, ఏ వార్తను త్రోసివేయవలెనో, ఏ వార్తను చేర్చుకొనవలెనో తెలియక పిల్లవాడు తికమకపడును. చెవిని పరీక్షించినచో తరచు లోపమేమియు కనబడదు. చిక్కు చెవిలో లేదు. చెవి పంపిన వార్తను మెదడు అందుకొను తీరులో ఉన్నది.

అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునకు చెందిన శాన్ ఫ్రాన్సిస్కో పరిశోధకులు ఇట్టి ఇబ్బందులు గల 16 మంది బాలుర మెదళ్ళను ఎం.ఆర్.ఐ. యంత్రముతో చిత్రించి 2013లో ఫలితములను ప్రకటించిరి. మెదడు వెనుకభాగమున వార్తలను మోయు తెల్లని తంతువుల అమరికలో, ఇతర బాలురతో పోల్చినపుడు, భేదము కనబడెను. సంఖ్య చిన్నది గనుక దీనితోనే నిర్ణయమునకు రాజాలము. కాని పిల్లవాని బాధ కేవలము వేషమనుకొనుట తగదని ఇది సూచించుచున్నది.

ఆటిజము గల పిల్లలలో ఈ ఇబ్బందులు చాలమందికి ఉండును. చంచలత్వము, ఏకాగ్రతాలోపము గలవారిలోను, నెలలు నిండక పుట్టినవారిలోను ఇవి తరచు కనబడును. ఏ ఇతర లోపమును లేని పిల్లలలో కూడ కొందరికి ఉండవచ్చును.

ఎత్తు గడప, పల్లపు గడప

వాన నీరు పొంగి వచ్చినపుడు గడప ఎత్తుగా నున్న ఇంటిలోనికి చుక్క కూడ రాదు. గడప పల్లముగా నున్న ఇంటిలో మోకాలిలోతు నిలుచును. సంవేదనలకును ఇట్టి గడప యొకటి ప్రతి మనిషిలోను ఉన్నది. అమెరికా పరిశోధకురాలు విన్నీ డన్ 1997లో ఈ భావము ఆధారముగా పిల్లల తీరులను నాలుగుగా విభజించెను.

గడప ఎత్తుగా ఉండి, ఊరక కూర్చుండు పిల్లవాడు మొదటి తీరు. పేరు పెట్టి మూడుమార్లు పిలిచినగాని పలుకడు; మూతికి అంటిన అన్నము తెలియదు. గడప ఎత్తుగా ఉండి, సంవేదనలకై తానే వెదకుకొనువాడు రెండవ తీరు. గెంతును, గోడలను తాకుచు నడచును, చొక్కా కాలరు నమలును. గడప పల్లముగా ఉండి, కదలక బాధపడువాడు మూడవ తీరు. ప్రతి చప్పుడునకు ఉలికిపడును, త్వరగా చిరాకుపడును. గడప పల్లముగా ఉండి, తప్పించుకొని పోవువాడు నాలుగవ తీరు. చెవులు మూసికొనును, గుంపులో నిలువడు, కొత్త తిండి ముట్టడు.

పిల్లవాడు అన్ని ఇంద్రియములయందును ఒకే తీరున ఉండవలెనను నియమము లేదు. చప్పుడునకు భయపడు పిల్లవాడే ఉయ్యాల ఎంతసేపు ఊగినను తనివితీరక ఉండవచ్చును. నిద్ర చాలనినాడు, జ్వరము వచ్చినాడు, పరీక్షలనాడు అతని గడపయే మారవచ్చును. కనుక ‘ఇట్టి పిల్లలకు ఇట్టి వస్తువు’ అని అంగడి జాబితా చేసిన యెడల పొరపాటు జరుగును.

ఎయిర్స్ చూపిన దారి

ఇంద్రియములకు శిక్షణ ఇచ్చుట నిన్న మొన్నటి తలపు కాదు. ఫ్రాన్సులో ఇటార్, సెగ్విన్ అను వైద్యులు 19వ శతాబ్దిలోనే స్పర్శ, దృష్టి, శ్రవణముల ద్వారా పిల్లలకు బోధించుటకు యత్నించిరి. వారి కృషిని చదివిన మేరియా మాంటిసోరి 1907లో రోము నగరమున తన పిల్లల నిలయమును తెరచెను. ఆమె 1939లో మద్రాసులోని అడయారునకు వచ్చి, యుద్ధకాలమంతయు మన దేశముననే ఉండి ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చెను.

మెదడు సంవేదనలను కూర్చు తీరును చదువులోని వెనుకబాటుతో ముడిపెట్టి పరిశీలించిన వ్యక్తి అమెరికాకు చెందిన జీన్ ఎయిర్స్. ఈమె 1920లో కాలిఫోర్నియాలో జన్మించి, 1988లో మరణించెను. ఈమె వృత్తిచికిత్సా నిపుణురాలు. ఇచ్చట వృత్తి యనగా ఉద్యోగము కాదు. స్నానము, భోజనము, ఆట, వ్రాత మొదలగు దినచర్యలోని పనులన్నియు. 1972లో వెలువడిన ఆమె గ్రంథము ఇంద్రియ సమన్వయమును, చదువు నేర్చుటలోని చిక్కులను కలిపి చర్చించెను. ఆమె పద్ధతిలో పిల్లవానిని కూర్చుండబెట్టి పాఠము చెప్పరు. ఉయ్యాలలు, వాలుబల్లలు, చక్రముల పలకలు, పరుపులు ఉన్న గదిలో అతడు ఆడును. నిపుణుడు అతని ఇష్టమును అనుసరించుచునే, మరీ తేలికయు మరీ కష్టమును కాని మెట్టును ఎదుట ఉంచును. బలవంతముగా త్రిప్పుట, బలవంతముగా తాకించుట ఈ పద్ధతికి విరుద్ధము.

పశువుల బోను నేర్పిన పాఠము

1947లో జన్మించిన టెంపుల్ గ్రాండిన్‌కు ఆటిజము కలదు. చిన్ననాట ఎవరైనను కౌగిలించుకొనినచో ఆమెకు ఊపిరాడనట్లుండెడిది. కాని దేహము మీద నిండైన ఒత్తిడి కావలెనను కోరికయు ఉండెడిది. యౌవనమున అరిజోనాలో పినతల్లి పశువులశాలలో ఉన్నపుడు, టీకా వేయుటకై పశువులను ఇరుప్రక్కల పలకల నడుమ నొక్కిపట్టు బోనును ఆమె చూచెను. అందులోనికి పోయిన పశువులలో కొన్ని నెమ్మదించుట గమనించి, తానును అందులో దూరి పరీక్షించుకొనెను. పిదప మనిషికి తగినట్టి యంత్రమొకటి చేసికొనెను. అందులో పలకల ఒత్తిడిని పెంచు మీట ఆమె చేతిలోనే ఉండును. ఆమె తరువాత కొలరాడో రాష్ట్ర విశ్వవిద్యాలయమున పశుశాస్త్ర ఆచార్యురాలయ్యెను. ఆ ఒత్తిడి ప్రభావమును గూర్చి 1992లో శాస్త్రపత్రిక యందు వ్యాసము వ్రాసెను.

ఇందులో ముఖ్యమైనది యంత్రము కాదు, మీట. అనుకోని తేలిక స్పర్శ కలవరపెట్టును. తెలిసి, తానుగా కోరుకొనిన గట్టి ఒత్తిడి చాలమందికి నెమ్మది నిచ్చును. కౌగిలి కూడ ఎదుటివాని ఇష్టము మీద ఆధారపడినపుడు బాధ కావచ్చును. ఏ సాధనమైనను దాని మీట పిల్లవాని చేతిలో ఉండవలెను.

పాఠశాలలో చేయదగినవి

ఖరీదైన వస్తువులు లేకయే చేయగల పనులు పెక్కు గలవు.

కదలిక కోరు పిల్లలకు బరువుపనులు మేలు. నల్లబల్ల తుడుచుట, నోటుపుస్తకముల కట్టను పక్కగదికి మోయుట, మొక్కలకు బిందెతో నీరు పోయుట, గోడను రెండు అరచేతులతో నెట్టుట మొదలగునవి కండరములకును కీళ్ళకును నిండుగా పని కల్పించును. ఇంటివద్ద చపాతీపిండి పిసుకుట, తడిబట్టలు పిండుట అట్టివే. తొక్కుడుబిళ్ళ, తాడాట, కోతికొమ్మచ్చి, చెట్టు ఉయ్యాల అను ఆటలు చికిత్సలుగా పుట్టినవి కావు. అయినను గెంతుట, వ్రేలాడుట, ఊగుట వాటిలో తగుపాళ్ళలో ఉన్నవి. కుర్చీ ముందుకాళ్ళకు అడ్డముగా పాత సైకిలు ట్యూబు కట్టినచో, కాళ్ళతో దానిని నెట్టుచు పిల్లవాడు చప్పుడు చేయకయే కదలిక తీర్చుకొనగలడు.

స్పర్శకు వెరచు పిల్లలకు చొక్కాలోని చీటీని కుట్టుతో సహా తీసివేయవలెను. పలుమార్లు ఉతికిన నూలుగుడ్డ తొడుగవలెను. వరుసలో చివర నిలుపుటవలన వెనుకనుండి తగులు దెబ్బలు తప్పును. ఇసుక, తడిమట్టి, బియ్యము, చింతగింజలు గల పళ్ళెములో దాచిన వస్తువులను వెదకు ఆట వ్రేళ్ళకు మంచి అభ్యాసము. మొదట చెంచాతో, తరువాత వ్రేలితో, ఆ పిదప చేతితో, అదియు అతడు ఇష్టపడినంతవరకే. గింజలను ముక్కులోను చెవిలోను పెట్టుకొను చిన్నపిల్లలయొద్ద పెద్దవారు కనిపెట్టియుండవలెను.

చప్పుడునకు బాధపడువారికి గంట కొట్టబోవుచున్నారని ముందుగా చెప్పుటయే సగము మందు. చెవులను కప్పు మఫ్ల వలన మ్రోత సుమారు 20 నుండి 30 డెసిబెల్ తగ్గును. కాని వాటిని రోజంతయు తగిలించుట మంచిది కాదు. ఆరోగ్యవంతులైన పెద్దలు రెండు వారములు దాదాపు ఎల్లవేళల చెవులలో బిరడాలు పెట్టుకొనగా, ఆ పిదప వారికి మామూలు ధ్వనులే మునుపటికంటె బిగ్గరగా తోచినట్లు 2003లో ప్రకటించిన ప్రయోగము తెలిపెను. వార్త తగ్గినకొలది మెదడు దానిని హెచ్చించుకొనును. కనుక మ్రోత హెచ్చుగా ఉండు వేళలకే వాటిని పరిమితము చేయవలెను.

వెలుతురు విషయము కూడ గమనింపదగినది. మన దేశమున విద్యుత్తు సెకనుకు 50 ఆవర్తనములు గలది గనుక పాతరకపు చోకుతో వెలుగు ట్యూబులైటు సెకనుకు 100 మార్లు మినుకుమినుకు మనును. చాలమంది కన్నులకు అది తెలియదు. కొందరికి తలనొప్పి కలిగించును. అట్టి పిల్లవానిని సూటిగా ఎండ పడని కిటికీ దగ్గర కూర్చుండబెట్టవచ్చును. గోడనిండ రంగుబొమ్మలు అంటించిన గదిలో నల్లబల్ల చుట్టునైనను ఖాళీ విడుచుట మంచిది.

వస్తువులను ఎప్పుడును నమలు పిల్లవానికి విరామవేళ కారట్టు, మొక్కజొన్న కంకి, చెరకుముక్క వంటి గట్టి తిండి పెట్టవచ్చును. రబ్బరు, ప్లాస్టిక్కు మూతలు ప్రమాదకరములు. మట్టి, బలపములు తినుచున్నచో అది వేరు విషయము. రక్తహీనత ఉన్నదేమో వైద్యుడు చూడవలెను.

ఇవిగాక, గదిలో ఒక మూల చాపయు దిండును వేసి, ప్రశాంతముగా ఐదు నిమిషములు కూర్చుండు చోటు ఏర్పరచవచ్చును. అది శిక్షాస్థలము కారాదు. అక్కడికి పోవుటకును, తిరిగి వచ్చుటకును పిల్లవానికి స్వేచ్ఛ ఉండవలెను.

శాస్త్రము ఎంతవరకు తోడ్పడుచున్నది

ఇట్టి సాధనములను గూర్చిన ప్రకటనలు నేడు ఎల్లెడల కనబడుచున్నవి. వాటిలోని మాటలకును, పరిశోధనలు చెప్పుచున్న మాటలకును దూరమున్నది.

ఎయిర్స్ పద్ధతినే తీసికొందము. ఆటిజము గల 32 మంది పిల్లలపై అమెరికాలో జరిగి 2014లో అచ్చయిన పరిశోధనలో, ప్రతి పిల్లవానికి విడివిడిగా నిర్ణయించిన లక్ష్యములు ఆ చికిత్స పొందినవారిలో ఎక్కువగా నెరవేరెను. ఇంగ్లాండు, వేల్సులలో 138 మంది పిల్లలతో జరిగి 2022లో వెలువడిన పెద్ద పరీక్షలో మాత్రము, పిల్లల చిరాకు, ఆందోళన తగ్గుటలో మామూలు సేవలకంటె ఆ చికిత్స మిన్నగా తేలలేదు. అమెరికా పిల్లల వైద్యుల సంఘము 2012లో ఇచ్చిన సలహా మధ్యేమార్గముగా ఉన్నది. ఈ ఇబ్బందిని ప్రత్యేకమైన వ్యాధిగా నిర్ణయింపవద్దనియు, ఇట్టి చికిత్సను మొత్తము ప్రణాళికలో ఒక భాగముగా వాడవచ్చుననియు, ఆధారములు పరిమితములని తల్లిదండ్రులకు చెప్పవలెననియు దాని సారాంశము. మానసిక వైద్యుల నిర్ణయగ్రంథము 2013లో వెలువరించిన ఐదవ కూర్పునందు కూడ దీనికి విడిగా చోటు లేదు. ఆటిజము లక్షణములలో మాత్రము సంవేదనలకు అతిగానో తక్కువగానో స్పందించుటను చేర్చిరి.

బరువు దుప్పట్ల కథయు ఇట్టిదే. ఆటిజము గల పిల్లలపై బ్రిటనులో జరిగి 2014లో ప్రకటితమైన పరీక్షలో, ఆ దుప్పటివలన నిద్రసమయము పెరగలేదు. అయినను పిల్లలును తల్లిదండ్రులును మామూలు దుప్పటికంటె దానినే ఇష్టపడిరి. ఇష్టమునకు విలువ లేకపోలేదు. కాని ప్రాణము అంతకంటె విలువైనది. 2008లో కెనడాలోని క్యుబెక్ రాష్ట్రమున ఒక పాఠశాలలో బరువు దుప్పటిలో చుట్టియుంచిన 9 ఏండ్ల బాలుడు మరణించెను. శరీరపు బరువులో పదవవంతు ఉండవచ్చునని ప్రచారములోనున్న లెక్క పరిశోధనవలన స్థిరపడినది కాదు. బరువు ఏదైనను ముఖము మీదికి రారాదు. పిల్లవాడు తానుగా తీసివేయగలిగి ఉండవలెను. నిపుణుని సలహా లేక, కావలి లేక వాడరాదు. శిక్షగానో అణచుటకో ఎన్నడును వాడరాదు.

2017 ప్రాంతమున లోకమంతట వ్యాపించిన వ్రేళ్ళమీద తిరుగు చక్రములు ఏకాగ్రత నిచ్చునని అమ్మకందార్లు చెప్పిరి. ఆ పిదప కళాశాల విద్యార్థులపై జరిగిన ప్రయోగములో, దానిని త్రిప్పుచు పాఠము విన్నవారికి పాఠము తక్కువగా జ్ఞాపకముండెను. కన్నును లాగు వస్తువు కన్నును పాఠమునుండి లాగుకొనుట సహజమే గదా! చూడనవసరము లేక చేతిలో నలుపుకొను మెత్తని బంతి కొందరికి మేలు చేయవచ్చును.

ఉయ్యాలల విషయమున కూడ జాగ్రత్త కావలెను. ముఖము పాలిపోయినను, చెమట పోసినను, వికారము కలిగినను వెంటనే ఆపవలెను. మూర్ఛలు గల పిల్లవానిని వైద్యుని అడుగక త్రిప్పరాదు.

నోటుపుస్తకమే మొదటి సాధనము

పరిశోధనలు సగటును చెప్పును. ఉపాధ్యాయుని ఎదుట ఉన్నది ఒక్క పిల్లవాడు. అతనికి ఏది ఉపయోగించునో తెలిసికొనుటకు నాలుగు గళ్ళ నోటుపుస్తకము చాలును. వేళ, దానికి ముందు జరిగినది, పిల్లవాడు చేసినది, ఆ తరువాత జరిగినది, ఈ నాలుగింటిని రెండు వారములు వ్రాయవలెను.

ఆరవ తరగతి పిల్లవాడొకడు మధ్యాహ్న భోజనవేళ ప్రతిదినము పారిపోవుచున్నాడనుకొందము. తిండి గిట్టదని కొందరు, మొండివాడని కొందరు అందురు. పుస్తకములో వ్రాయగా, రేకుల కప్పుక్రింద వడ్డించిన దినములలోనే పారిపోవుచున్నాడనియు, చెట్టుక్రింద వడ్డించిన మూడు దినములు కదలక తినెననియు తేలినది. వంటకము మారలేదు, పప్పు, కూర అవే. మారినది స్టీలు పళ్ళెముల చప్పుడు. రేకుల కప్పు ఆ చప్పుడును తిరుగకొట్టుచున్నది, చెట్టు తిరుగకొట్టలేదు. ఇక చేయవలసినది తెలిసిపోయినది. అతనిని ఐదు నిమిషములు ముందుగా, వరుస చివర, గోడ లేనివైపు కూర్చుండబెట్టవలెను. ఈ మార్పు ఒక్కటియే చేసి మరి రెండు వారములు వ్రాయవలెను. ఒకేసారి నాలుగు మార్పులు చేసినచో ఏది పనిచేసినదో తెలియదు. ప్రయోగశాలలో ఒక్క అంశమునే మార్చి తక్కిన వానిని స్థిరముగా ఉంచు నియమము ఇచ్చటను వర్తించును. సాధనము పనిచేసినదా అను ప్రశ్నకు జవాబు దాని ఖరీదులో లేదు. పిల్లవాడు భోజనమునకు కూర్చున్నాడా, వ్రాసినాడా, తోటివారితో ఆడినాడా అన్నదానిలో ఉన్నది.

వ్రాత మొదలిడకముందే చూపు, వినికిడి, చర్మవ్యాధులు, చెవిపోటు, పంటినొప్పి పరీక్ష చేయించవలెను. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద వైద్యబృందములు పాఠశాలలలో పిల్లలను పరీక్షించి, అవసరమైనవారిని జిల్లా సత్వర చికిత్సా కేంద్రములకు పంపును. రెండు తెలుగు రాష్ట్రముల మండలములలో ప్రత్యేకావసరములు గల పిల్లలకు భవిత కేంద్రములు ఏర్పాటైనవి. బుద్ధివికాస లోపములు గలవారికై 1984లో నెలకొల్పిన జాతీయ సంస్థ సికింద్రాబాదులోనే ఉన్నది. 2009 విద్యాహక్కు చట్టము పిల్లలను కొట్టుటను, మానసికముగా వేధించుటను నిషేధించినది. 2016 వికలాంగుల హక్కుల చట్టము, ఆటిజముతో సహా 21 రకముల వైకల్యములను పేర్కొని, అట్టి పిల్లల అవసరమునకు తగిన సర్దుబాట్లు పాఠశాల చేయవలెనని చెప్పినది. కనుక వరుసలో చోటు మార్చుట, గంటను గూర్చి ముందుగా హెచ్చరించుట దయాధర్మములు మాత్రమే కావు.

చెవులు మూసికొనిన పిల్లవానిని బల్ల క్రిందినుండి లాగి నిలబెట్టినచో అతడు నేర్చుకొనునది ఒక్కటే: తన బాధను ఎవరును నమ్మరని. అప్పుడు అతడు చెప్పుటమానును. బడికి వచ్చుటయు మానవచ్చును. గోరువెచ్చని నీటిని చల్లగా ఉన్నదని చెప్పిన కుడిచేతిని ఎవరును అబద్ధమాడితివని దండింపరు. అది అంతకుముందు ఎచ్చట ఉండి వచ్చినదో తెలియును గనుక, దాని మాట అర్థమగును. పిల్లవాని విషయమునను ఆ మాత్రము విచారణ జరిగిననాడు, మరునాటి గంటకు ఒక నిమిషము ముందుగా ఉపాధ్యాయుడు అతని బల్లదగ్గరకు వచ్చి, ‘ఇప్పుడు గంట కొట్టుదురు నాయనా’ అని చెప్పును. దానికి పైసా ఖర్చు లేదు.